పంటకాలువకి ఫైబర్‌గ్లాస్ ఫ్లై రాడ్: అల్లుడికి ఉత్తరం

అల్లుడికి పెద్దమావయ్య ఆశీస్సులు.

ఏడడుగుల ఫైబర్‌గ్లాస్ ఫ్లై రాడ్, ఆరో నంబరు లైనుది (లైను బరువుని బట్టి వేసే నంబరు ఇది), తీసుకున్నావని అక్కయ్య చెప్పింది. మన డెల్టా కాలువలకి సరిగ్గా సరిపోయేదే ఎంచుకున్నావు. అయితే నీ చేతికి అలవాటైంది స్పిన్నింగ్ రాడ్. అదే ఊపుతో దీన్ని విసిరావంటే లైను నీ మెడకే చుట్టుకుంటుంది. అందుకే ఈ ఉత్తరం.

స్పిన్నింగ్‌లో బరువు ఎరది, తాడు దాని వెంట పోతుంది. ఇక్కడ ఎరగా పెట్టే ఫ్లైకి బరువే ఉండదు, గాలానికి చుట్టిన ఈకలూ దారమూ అంతే. బరువంతా లైనులో ఉంటుంది. ఆరో నంబరు లైను మొదటి 30 అడుగులు తూస్తే 160 గ్రెయిన్లు, అంటే పది గ్రాములు దాటుతుంది. ఆ బరువు రాడ్‌ని వంచాలి, వంగిన రాడ్ లేస్తూ లైనుని ముందుకి పంపాలి. కార్బన్ పోగులతో చేసే గ్రాఫైట్ రాడ్ ఎక్కువగా కొస దగ్గరే వంగి టక్కున లేస్తుంది. ఫైబర్‌గ్లాస్ కొస నుంచి కార్కు పిడి దాకా వంగి, నిదానంగా లేస్తుంది. 1970లలో గ్రాఫైట్ వచ్చాక, తేలికగా ఉందని, దూరం పడుతుందని అందరూ అటు వెళ్లారు. కానీ మన పంటకాలువలో నువ్వు విసరాల్సింది ఇరవై, మహా అయితే ముప్పై అడుగులు. అంత తక్కువ లైను బయట ఉంటే గట్టి గ్రాఫైట్ రాడ్ వంగనే వంగదు, కర్రలా ఊగుతుంది. ఫైబర్‌గ్లాస్ పదిహేను అడుగుల లైనుకే వంగి పని మొదలుపెడుతుంది.

విసరడంలో మొత్తం కిటుకు ఆగడంలో ఉంది. రాడ్‌ని నెమ్మదిగా మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ వెనక్కి తీసుకెళ్లి, గడియారంలో ఒంటిగంట ముల్లు ఉండే దిక్కున ఆపు. తల తిప్పి లైను చూడు. చుట్ట విప్పుకుంటూ వెనక్కి పోతుంది. చివర చిన్న వంకీ ఇంకా మిగిలి ఉండగా, బొటనవేలి కింద కార్కు కాస్త వెనక్కి లాగినట్టు తెలుస్తుంది. ఆ లాగుడు తెలిసినప్పుడే ముందుకి కదులు, పదిగంటల ముల్లు దగ్గర ఆపు. వెనకాల చెళ్లుమని కొరడా చప్పుడు వచ్చిందా, తొందరపడ్డావన్నమాట. ఆ దెబ్బకి ఫ్లై తెగి పోయి ఉంటుంది కూడా, చూసుకో. లీడర్‌లో, అంటే లైను చివర ఫ్లైకి ముందు కట్టే సన్నటి నైలాన్‌లో, వాటంతటవే ముడులు పడుతున్నాయంటే గాలి తప్పు కాదు, మొదట్లోనే రాడ్‌ని కుదిపేస్తున్నావు. ముడి కనిపిస్తే విప్పు, విప్పలేకపోతే ఆ ముక్క కోసేసి కొత్తది కట్టు. ముడి పడిన చోట నైలాన్ బాగా బలహీనపడి, పెద్ద చేప పడినప్పుడే తెగుతుంది.

గట్టు మీద వెనకాల కొబ్బరిచెట్లో అరటితోటో ఉంటే వెనక్కి విసరడానికి చోటుండదు. అప్పుడు రోల్ కాస్ట్ వెయ్యి. లైనుని నీళ్ల మీద నీ వైపుకి మెల్లగా ఈడ్చుకుని, రాడ్‌ని చెవి పక్కకి లేపి ఆగు. లైను రాడ్ కొస నుంచి నీ వెనగ్గా వంపు తిరిగి వేలాడాక ముందుకి నెట్టు. లైనుని నీళ్లు పట్టుకుంటేనే ఇది పని చేస్తుంది కాబట్టి ఇంటి పెరట్లో నేర్చుకుందామనుకోకు, రాదు. రోల్ కాస్ట్‌కి ఫైబర్‌గ్లాస్ చెప్పి చేయించినట్టుంటుంది.

లైను కొనేటప్పుడు వేడి ప్రాంతాలకి చేసిన ట్రాపికల్ లైనే అడుగు. చల్లటి నీళ్ల లైను మన మే నెల ఎండకి మెత్తబడి, జిగురెక్కి, రింగుల్లో పట్టేస్తుంది. ఏ లైనైనా బండి డిక్కీలో ఎండలో వదిలెయ్యకు. లీడర్ రాడ్ పొడుగంత చాలు: 0.50 మిల్లీమీటర్ల నైలాన్ మూడడుగులు, 0.40ది రెండడుగులు, 0.30ది రెండడుగులు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడుపు. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ దెబ్బతింటుంది.

ఇక రాడ్ అతుకులు. రెండు ముక్కలూ బిగించాక మధ్యలో కొద్దిగా సందు కనిపిస్తే, ఒక ముక్కలోంచి పొడుచుకొచ్చిన గూటం రెండో ముక్కలోకి దూరే రకానికి అది ఉండాల్సిందే. అరిగేకొద్దీ ఆ సందు తగ్గుతుంది. పూర్తిగా మూసుకుపోయాక అతుకు వదులవుతుంది, అంచేత సందు పోవాలని అరగదీయకు. గూటానికి కొవ్వొత్తి మైనం పలచగా రుద్దు. ఇసక రేణువు ఉంటే ముందు తుడువు. విప్పేటప్పుడు రింగులు పట్టుకుని మెలితిప్పకు, తిన్నగా లాగు.

చేప పట్టినప్పుడు రాడ్ ఎత్తి కొట్టడం మానెయ్యాలి. మెత్తటి రాడ్ ఆ దెబ్బనంతా తనలోకి తీసేసుకుంటుంది, గాలం దిగదు. రాడ్ కొసని నీళ్ల వైపే ఉంచి, ఎడమచేత్తో లైనుని ఒక్క గుంజు గుంజు. గాలం దిగాక రాడ్‌ని పక్కకి వంచి మొదలు బలంతో లాగు. నిలువుగా ఎత్తి కొసని నీ వెనక్కి వంచితే ఫైబర్‌గ్లాసైనా విరుగుతుంది. రాడ్‌తో చేపని గట్టెక్కించబోకు, వల వాడు.

తిలాపియాకీ పరిగెలకీ పది, పన్నెండు నంబర్ల గాలం మీద కట్టిన మునిగే ఫ్లై పెట్టు. మట్టగిడసకి ఆరో నంబరు గాలం మీద పాపర్, అంటే నీటి పైన తేలే ఎర, సరిపోతుంది. పాత హవాయి చెప్పు ముక్క కోసి చేసుకోవచ్చు, బాగా తేలుతుంది. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని ప్లయరుతో అణిచెయ్యి. దానివల్ల చేప నోరూ చిరగదు, పొరపాటున నీ చెవికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది.

కొరమీనుకి మాత్రం ఈ రాడ్ వద్దు. దాని నోరు గట్టి ఎముక, ఉండేది గుర్రపుడెక్క కింద. ఒక్కసారి వేళ్లలోకి దూరిందంటే ఆరో నంబరు ఫైబర్‌గ్లాస్ దాన్ని బయటికి లాగలేదు. దానికి ఎనిమిదో నంబరు రాడ్, 0.45 నైలాన్ కావాలి. వానాకాలంలో నీటి పైన ఎర్రటి పిల్లల గుంపు సుడి తిరుగుతూ కనిపిస్తే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నాయని అర్థం. అక్కడ విసరకు. ఆ జతని పట్టేస్తే పిల్లలన్నీ మిగతా చేపలకి మేతైపోతాయి.

పొద్దున్నే ఎనిమిదింటిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళ్లు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, చేప వంతెన నీడలోకీ తూము దగ్గరకీ చేరుతుంది. మెత్తటి రాడ్ కదా అని ముద్దుగా ఆడిస్తూ కూర్చోకు. వేడి నీళ్లలో అలిసిపోయిన చేపని వదిలినా బతకదు. వదిలేద్దామనుకుంటే త్వరగా లాగి, తడి చేతులతో పట్టుకో. వేసవిలో కాలువలు కట్టేశాక లోతు గుంటల్లో ఇరుక్కున్నవాటి జోలికి పోకు.

చేపల చెరువైతే రైతుని అడక్కుండా గట్టెక్కవద్దు. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, అక్కడికి రాడ్ తీసుకెళ్లకు. చెరువు గట్ల మీద ఏరేటర్ల కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడతాయో చూశావు కదా. పొడి ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదన్న మాట నిజమే కానీ, తడిసిన రాడ్‌కీ తడి లైనుకీ అది వర్తించదు. విసిరే ముందు తల పైకెత్తి చూడు. ఉరిమితే రాడ్ మడిచెయ్యి.

అంతర్వేది వైపు ఉప్పునీళ్లలో వాడిన రోజు రాడ్, రీలు, లైను మూడూ మంచినీళ్లతో కడుగు. తడి రాడ్‌ని గుడ్డసంచిలో పెట్టి మూతి బిగిస్తే వార్నిష్ బుడగలు లేస్తుంది. రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టి పెట్టు. రింగుల్లోంచి కాస్త దూది లాగి చూడు. ఎక్కడైనా పోగు పట్టుకుంటే ఆ రింగు చిట్లింది, లైనుని కోసేస్తుంది. విసరడం ఆపి ముందు అది మార్పించు.

మీ
పెద్దమావయ్య