ధాన్యం లెక్క ఎవరి చేతిలో ఉంది: చైనా రైతు తిరుగుబాట్ల గురించి రాస్తున్న యువ రచయితకు లేఖ

తమ్ముడికి ఆశీస్సులు.

చైనా సామ్రాజ్యంలో రైతు తిరుగుబాట్లు ఎందుకు అంత అరుదుగా గెలిచాయన్న అంశం మీద నువ్వు రాస్తున్న పుస్తకం చిత్తుప్రతిని ఆసాంతం చదివాను. రెండు వేల ఏళ్ల చరిత్రను తెలుగు పాఠకుడి ముందు పెట్టాలన్న నీ పూనిక నాకు చాలా సంతోషాన్నిచ్చింది. అయితే ప్రతి అధ్యాయం చివరా ఇంచుమించు ఒకే రకమైన కారణం చెప్పి ముగించావు: ఒకచోట నాయకుడు విలాసాల్లో మునిగాడు, మరోచోట నమ్మినవాడు ద్రోహం చేశాడు, ఇంకోచోట రైతుల్లో ఐకమత్యం కొరవడింది. ఇవన్నీ జరిగినవే. కానీ విలాసం, ద్రోహం, అనైక్యత గెలిచి నిలిచిన రాజవంశాల్లోనూ ఏమీ తక్కువ లేవు కదా! గెలిచినవాడిలోనూ ఓడినవాడిలోనూ సమానంగా కనిపించేదాన్ని ఓటమికి కారణంగా చూపించలేము. నీ పుస్తకం అడగవలసిన ప్రశ్న వేరే ఉందని నా నమ్మకం. నగరం చేతికి చిక్కిన తర్వాత వచ్చే పంటకాలంలో ధాన్యం ఎవరు వసూలు చేస్తారు, ఆ లెక్క ఎవరు రాస్తారు? ఆకలి ఒక సైన్యాన్ని పుట్టించగలదు గానీ ఆ సైన్యానికి మరుసటి ఏడాది అన్నం పెట్టలేదు.

దీన్ని వాదనగా చెప్పడం కంటే ఒక్క తిరుగుబాటును దగ్గరగా చూపించడం మేలు. నువ్వు ఒక్క పేరాతో సరిపెట్టిన ఎర్ర కనుబొమల తిరుగుబాటుకు ఒక అధ్యాయం మొత్తం ఇవ్వమని నా సలహా. హాన్ సింహాసనాన్ని ఆక్రమించుకున్న వాంగ్ మాంగ్ పాలనలో పసుపు నది దారి మార్చుకుని మైదానాలను ముంచెత్తింది, తూర్పు ప్రాంతాల్లో కరువు వచ్చింది. క్రీ.శ. 18లో ఫాన్ చోంగ్ అనే అతను ఇప్పటి షాన్‌డాంగ్‌లోని జూ దగ్గర వందమందికి పైబడిన అనుచరులతో తిరగబడితే, ఏడాది తిరిగేసరికి వేలమంది అతని వెంట చేరారు. పోరులో తమవాళ్లను గుర్తుపట్టడానికి కనుబొమలకు ఎర్రరంగు పూసుకున్నారు. వాళ్లకు జెండాలు లేవు, రాతపూర్వకమైన ఆజ్ఞలు లేవు. చంపినవాడికి చావు, గాయపరిచినవాడికి పరిహారం అన్న నోటిమాటే చట్టం. వాళ్లు పెట్టుకున్న పదవుల పేర్లు చూడు: అందరికంటే పెద్దవాడికి గ్రామపెద్ద పదవి పేరు, ఆ తర్వాతివాళ్లకు కచేరీ గుమాస్తాల పదవుల పేర్లు. రాజ్యం తమ ఊరి దాకా ఏ రూపంలో వచ్చిందో ఆ రూపమే వాళ్లకు తెలుసు.

క్రీ.శ. 25లో వాళ్లకు ఒక చక్రవర్తి కావలసి వచ్చాడు. హాన్ రాజవంశపు దూరపు వారసులుగా తేలిన ముగ్గురి మధ్య చీటీలు వేస్తే, పశువులు కాసుకునే లియూ పెన్‌జికి సింహాసనం దక్కింది. పదిహేనేళ్లవాడు, కాళ్లకు చెప్పులు లేవు, ఒంటిమీద చిరిగిన బట్టలు. అంతమంది ఒక్కసారిగా తనకు సాష్టాంగపడుతుంటే భయంతో ఏడుపు ముఖం పెట్టాడు. ఆ వెంటనే ప్రధానమంత్రిని ఎన్నుకోవలసి వచ్చింది. అందరూ గౌరవించే ఫాన్ చోంగ్‌కు చదవడం, లెక్కలు కట్టడం రావు. అందుకని ఒకప్పుడు తాలూకా జైలులో గుమాస్తాగా పనిచేసిన షూ షువాన్‌ను ఆ పదవిలో కూర్చోబెట్టారు.

అదే ఏడాది రాజధాని చాంగాన్ వాళ్ల వశమైంది. సంవత్సరాంతపు పండుగనాడు రాజభవనంలో విందు ఏర్పాటు చేశారు. ఇంకా మద్యం వడ్డించకముందే ఒకతను అభినందన పత్రం రాయడానికి కుంచె, చెక్కపలక మీద తప్పుపోయిన అక్షరాలు గీకేసే కత్తి బయటికి తీశాడు. చదువురాని మిగతా నాయకులు లేచి తమ పేరు కూడా రాసిపెట్టమని, ఒకరికొకరు వీపులు తిప్పుకుని, గుంపులు గుంపులుగా మూగారు. ధాన్యం, ఖజానా వ్యవహారాలు చూసే మంత్రి యాంగ్ యిన్ కత్తి మీద చెయ్యి వేసి వాళ్లను తిట్టాడు. కొట్లాట ముదిరి, భవన రక్షకులు లోపలికి వచ్చి వందమందికి పైగా నరికితే గాని సద్దుమణగలేదు. ఆస్థాన చరిత్రకారులు ఈ ఘట్టాన్ని మోటువాళ్ల ఆగడంగా రాశారు. నువ్వు ఆ ధోరణిలో రాయవద్దు. దేశపు రాజధానిని గెలిచిన మనుషులు తమ పేరు రాసిపెట్టే ఒక్క మనిషి కోసం పోటీ పడుతున్నారు. ఆ రాజధానికి ధాన్యం తెచ్చే చిట్టాలన్నీ అక్షరాల్లోనే ఉన్నాయి.

తర్వాత జరిగింది ఊహించదగినదే. చుట్టుపక్కల స్థానిక నాయకులు కొత్త ప్రభుత్వానికి కానుకలు పంపితే సైనికులు వాటిని దోచుకున్నారు. దాంతో జనం మళ్లీ కోటగోడల వెనక్కి వెళ్లి తలుపులు బిగించుకున్నారు. శిస్తుగా రావలసింది దోపిడీగా వచ్చింది, దోపిడీ ఒక్కసారే వస్తుంది. నగరంలో తిండి అయిపోయింది, భవనాలు తగలబెట్టి సైన్యం బయలుదేరింది. క్రీ.శ. 27 ఆరంభంలో యియాంగ్ దగ్గర లియూ షియు సైన్యం ఎదురైనప్పుడు వాళ్లు లొంగిపోయారు. ఆ రోజు లియూ షియు తాలూకా వంటశాలల నుంచి భోజనం పెట్టించాడని, ఆకలితో సొమ్మసిల్లిన లక్షమందికి పైగా కడుపునిండా తిన్నారని చరిత్ర చెబుతుంది. ఈ లియూ షియు ఎవరు? నాన్‌యాంగ్ భూస్వామ్య కుటుంబంలో పుట్టి, చాంగాన్‌లో చదువుకుని, కరువు రోజుల్లో వాన్ పట్టణంలో ధాన్యం అమ్మినవాడు. హాన్ వంశాన్ని పునఃప్రతిష్ఠించినది అతడే.

ఇప్పుడు ఇంకా వెనక్కి, చిన్ రాజ్యం మీద మొదట తిరగబడిన చెన్ షెంగ్ దగ్గరికి వద్దాం. క్రీ.పూ. 209లో తొమ్మిది వందలమంది నిర్బంధ సైనికులు వానల వల్ల దారిలో చిక్కుకుపోయి, గడువు దాటితే మరణశిక్ష తప్పదని తిరగబడిన ఘట్టాన్ని నువ్వు చాలా బాగా రాశావు, దాన్ని ముట్టుకోవద్దు. కానీ అతన్ని సొంత రథసారథి చంపడం గురించి రెండు పేజీలు రాశావు, అది ఎక్కువ. అప్పటికే అతని సేనాని జౌ వెన్ రాజధాని దాపుకు వెళ్లి ఓడిపోయి ఉన్నాడు. ఓడించిన చిన్ సేనాని జాంగ్ హాన్, చిన్ తొలి చక్రవర్తి సమాధి నిర్మాణంలో ఉన్న శిక్షాఖైదీలకు ఆయుధాలిచ్చి సైన్యంగా నడిపించాడు. కూలిపోతున్న రోజుల్లో కూడా చిన్ రాజ్యానికి మనుషులను కూడగట్టే యంత్రాంగం ఉంది, తిరగబడినవాళ్లకు లేదు.

ఆ యంత్రాంగం విలువ తెలిసిన వాళ్లే గెలిచారు. క్రీ.పూ. 206లో, తర్వాత హాన్ వంశాన్ని స్థాపించిన లియూ బాంగ్ సైన్యం చిన్ రాజధాని షియెన్‌యాంగ్‌లో ప్రవేశించినప్పుడు సేనానులందరూ ఖజానాల వైపు పరుగెత్తి బంగారం, పట్టుబట్టలు పంచుకున్నారు. షియావో హె ఒక్కడూ చిన్ ప్రధానమంత్రి కార్యాలయానికి వెళ్లి చట్టాలు, పటాలు, జనాభా చిట్టాలు భద్రం చేశాడు. షియావో హె పెయి తాలూకాలో గుమాస్తాగా పనిచేసినవాడు. లియూ బాంగ్ కూడా అక్కడే చిన్న ఉద్యోగి. ఏ ప్రాంతంలో ఎందరున్నారో, ఎక్కడ బలముందో తర్వాతి యుద్ధంలో లియూ బాంగ్‌కు తెలిసింది ఆ చిట్టాల వల్లనే. చక్రవర్తి అయ్యాక భూమిశిస్తు పంటలో పదిహేనో వంతుకు తగ్గించగలిగాడు. ఎంత పండుతుందో తెలిసినవాడే శిస్తు తగ్గించగలడు.

రెండో ఉదాహరణ మింగ్ వంశ స్థాపకుడు జు యువాన్‌జాంగ్. ఇతని మీద నువ్వు రాసిన అధ్యాయమే పుస్తకంలో బలహీనమైనది, ఎందుకంటే అంతా వీరగాథగా సాగింది. 1344లో కరువు, అంటురోగాల మధ్య తల్లిదండ్రులను పోగొట్టుకుని బౌద్ధ ఆలయంలో చేరిన పేద రైతుబిడ్డ 1352లో మంగోల్ పాలన మీద తిరగబడిన ఎర్ర తలపాగాల సైన్యంలో చేరి, 1356లో నాన్‌జింగ్ గెలిచాడు. ఆ తర్వాత అతడు చేసిన పనులు వీరగాథలో ఇమడవు. గోడలు ఎత్తుగా కట్టు, ధాన్యం బాగా నిలవచెయ్యి, రాజునని చెప్పుకోవడానికి తొందరపడకు అని జు షెంగ్ అనే పండితుడు ఇచ్చిన సలహా విన్నాడు. నీటిపారుదల, సాగు చూడడానికి ప్రత్యేకంగా అధికారిని నియమించి సైనికుల చేత పొలాలు దున్నించాడు. స్థానిక భూస్వాములను, పండితులను కొలువులో చేర్చుకున్నాడు. పన్నెండేళ్ల తర్వాత 1368లో మింగ్ వంశం నెలకొన్నది, 1381 నాటికి దేశమంతటా ఇంటింటి జనాభా, భూమి చిట్టాలు తయారయ్యాయి. తనను పైకి తెచ్చిన ఎర్ర తలపాగాల వెనుక ఉన్న శ్వేతపద్మ మత సంప్రదాయాన్ని మాత్రం నిషేధించాడు. ఇక్కడే నీ పుస్తకంలో అతి బాధాకరమైన ప్రశ్న ఉంది, దాన్ని దాటవేయవద్దు: గెలిచిన రైతు తిరుగుబాటు ఏ క్షణం దాకా రైతు తిరుగుబాటుగా ఉంది?

మింగ్ వంశాన్ని కూల్చిన తిరుగుబాటుదారు లీ జిచెంగ్ అధ్యాయంలో, మింగ్ సేనాని వూ సాంగుయీ ప్రియురాలి కథ తీసెయ్యి. పాఠకులకు అది ఇష్టమే, కానీ అది అసలు విషయాన్ని కప్పేస్తుంది. ఖర్చు తగ్గించడానికి మింగ్ ప్రభుత్వం తపాలా మజిలీలను కుదించినప్పుడు ఉద్యోగం పోయిన షాన్షీ మనిషి అతడు. ఆయన వస్తే శిస్తు కట్టక్కర్లేదు అన్న పాట అతని కంటే ముందు ఊళ్లకు చేరింది. ఆ మాటకు జనం తలుపులు తెరిచారు, కానీ ఆ మాట నిలబెట్టుకోవాలంటే సైన్యానికి జీతం ఇంకెక్కడి నుంచో రావాలి. 1644 ఏప్రిల్ 25న బీజింగ్ గెలిచాక అది మింగ్ అధికారుల ఇళ్ల నుంచి వచ్చింది: వాళ్లను పట్టి తెచ్చి, చిత్రహింసలు పెట్టి వెండి కక్కించారు. ఏ అధికారులైతే కొత్త రాజ్యానికి లెక్కలు రాసి పెట్టగలరో వాళ్లే శత్రువులయ్యారు. మే 27న షాన్‌హై కనుమ దగ్గర వూ సాంగుయీ, మంచూ సైన్యాలు కలిసి అతన్ని ఓడించాయి; జూన్ 3న పట్టాభిషేకం చేసుకుని, మర్నాడే బీజింగ్ విడిచి వెళ్లిపోయాడు.

రాజులు మారినా నిలిచి ఉన్న స్థానిక పెద్దల గురించి ఒక ప్రత్యేక అధ్యాయం అవసరం. మింగ్ తర్వాత వచ్చిన మంచూల చింగ్ వంశ కాలంలో ఒక తాలూకా అధికారి కింద సగటున లక్షలమంది ఉండేవారు, పైగా అతన్ని సొంత రాష్ట్రంలో నియమించకూడదన్న నియమం ఉండేది. భాష, మనుషులు తెలియని ఆ అధికారి స్థానిక గుమాస్తాలు, పరీక్షలు పాసైన భూస్వాములు లేకుండా ఒక్క బస్తా ధాన్యం వసూలు చేయలేడు. తిరుగుబాటుదారు కూడా అంతే. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో చింగ్ మీద తిరగబడిన తైపింగ్‌ల కాలంలో కేంద్ర సైన్యాలు చేతులెత్తేసినప్పుడు చింగ్ అధికారి జెంగ్ గువోఫాన్ హునాన్‌లో కొత్త సైన్యం కట్టింది ఈ పెద్దల బలం మీదనే. అధికారులు పండితులు, సైనికులు రైతుబిడ్డలు, ఖర్చులో పెద్ద భాగం 1853లో మొదలైన లికిన్ అనే సరుకుల సుంకం నుంచి. రైతులు రెండు వైపులా చనిపోయారని నువ్వు ఎక్కడా రాయలేదు. దాదాపు రెండు కోట్లమంది ప్రాణాలు పోయాయని అంచనా వేసే ఆ యుద్ధంలో ఈ మాట రాయకపోవడం అన్యాయం. క్షమాభిక్ష పేరుతో నాయకులకు పదవులిచ్చి లోబరుచుకునే పద్ధతిని మాత్రం ఒక పేరాలో చెప్పు, చాలు; తాంగ్ వంశం మీద తిరగబడిన హువాంగ్ చావో సేనాని జు వెన్ 882లో తాంగ్ పక్షానికి మారి, 907లో ఆ తాంగ్ వంశాన్నే అంతం చేసిన సంగతి అందుకు సరిపోతుంది.

ఆధారాల విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. తిరగబడినవాళ్లను దొంగలుగా రాసిన చరిత్రల్లో అంకెలను యథాతథంగా తీసుకోవద్దు. మింగ్ చివరి రోజుల మరో తిరుగుబాటు నాయకుడు జాంగ్ షియెన్‌జోంగ్ సిచువాన్‌లో అరవై కోట్లమందిని చంపాడని మింగ్ వంశపు అధికారిక చరిత్ర రాసింది. ఆనాడు చైనా అంతటా కూడా అంత జనం లేరు. రెండోది, తెలంగాణ సాయుధ పోరాటంతో నువ్వు మూడో అధ్యాయంలో చేసిన పోలిక. దున్నేవాడి ఆవేదన రెండుచోట్లా ఒకటే కావచ్చు, కానీ పార్టీ, పత్రిక, స్వతంత్ర భారత ప్రభుత్వం ఉన్న కాలాన్ని క్రీ.శ. 18తో పోల్చితే ఇద్దరికీ న్యాయం జరగదు. ఆ పేజీలు తీసెయ్యి.

ముందుగా ఎర్ర కనుబొమల అధ్యాయం, తర్వాత జు యువాన్‌జాంగ్ అధ్యాయం తిరిగి రాసి పంపు. తైపింగ్ అధ్యాయాన్ని చివరికి ఉంచు. 1853లో అందరికీ సమానంగా భూమి పంచుతామని ప్రకటించిన ప్రభుత్వం, ఏడాది తిరగకుండానే పాత పద్ధతిలో ధాన్యం, పన్ను వసూలు చేయడానికి అనుమతి ఇచ్చింది. ఆ వసూళ్లు ఊరూరా ఎవరి చేతుల మీదుగా జరిగాయో నీకు స్పష్టమయ్యేదాకా ఆ అధ్యాయానికి ముగింపు రాయవద్దు.

నీ శ్రేయోభిలాషి