గది మారితే మనసు కుదుటపడుతుందా?

ఉద్యోగం కోసం కర్నూలు వచ్చి, పైఅంతస్తులో కిటికీ లేని గదిలో ఉంటున్నాననీ, అప్పట్నుంచి చికాకు, ఏడుపు, నిద్రలేమి అనీ రాశారు. ఇంట్లోవాళ్లు అదంతా నీ ఊహే అంటున్నారట. గది వల్ల నిజంగా ఇలా అవుతుందా అని మీ ప్రశ్న. అవుతుంది. ఇది ఊహ కాదు.

ముందు నిద్ర సంగతి చూడండి. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలే. పగలంతా స్లాబు తాగిన ఎండను రాత్రంతా గదిలోకి వదులుతుంది. పదకొండు గంటలప్పుడు గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం తగ్గాలి. అది తగ్గకపోతే తెల్లవార్లూ పొర్లడమే. అలా లేచిన మనిషికి ఎవరు ఏమన్నా గుచ్చుకుంటుంది. పెళ్లయిన కొత్తలో మేమూ అలాంటి పోర్షన్‌లోనే ఉన్నాం. ఎండాకాలంలో మా ఆయనకూ నాకూ గొడవలన్నీ పొద్దున పూటే. ఓనరును ఒప్పించి మిద్దెకు సున్నం కొట్టించి, సాయంత్రం నీళ్లు చల్లి, పడకలు పైకి మార్చాక ఇంట్లో అరుపులు బాగా తగ్గాయి. మనుషులం మాత్రం మేమే.

కిటికీ లేకపోవడం ఇంకో దెబ్బ. పొద్దుటి వెలుతురు కంట్లో పడితేనే ఒంట్లోని గడియారం సరిగ్గా నడుస్తుంది. అందుకే లేవగానే ఒక అరగంట ఆరుబయట ఉండండి, ఫోను లేకుండా. కిటికీ విలువ గురించి 1984లో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 'సైన్స్' పత్రికలో రాశారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే ముందే ఇంటికెళ్లారు. గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు. చూసింది 46 మందినే, అయినా నాకు నమ్మబుద్ధవుతుంది. ఎందుకంటే మా మామగారిని చూశాను.

ఆయన పత్తికొండ వైపు శెనక్కాయ రైతు. ఊళ్లో తిన్నె మీద కూర్చుంటే దారిన పోయే ప్రతివాడూ పలకరించేవాడు. మా దగ్గరికి వచ్చాక రెండో అంతస్తులో టీవీ ముందు కూర్చుండిపోయారు. మాట తగ్గింది, తిండి తగ్గింది. వయసు అంతేలే అన్నారు చుట్టాలు. తర్వాత కింది పోర్షన్‌కు మారాం. వీధి చివర వేపచెట్టు, దాని చుట్టూ కట్ట, సాయంత్రమైతే అయిదారుగురు పెద్దమనుషులు. మొదట ఊరికే నిలబడి వచ్చేవారు. నెల తిరక్కుండానే "అమ్మా, నేను కట్ట కాడికి పోతాండా" అని నాకు చెప్పి మరీ వెళ్లడం మొదలుపెట్టారు. వాన పడుతుందా, శెనక్కాయ రేటెంత అని తెచ్చి మాకు చెప్పేవారు. అన్నం మళ్లీ అడిగి వడ్డించుకున్నారు. పరిసరాలు అంటే గాలీ వెలుతురే కాదు, పేరు పెట్టి పిలిచే నలుగురు కూడా. ఊరికి కొత్త కదా, మీకు ఇది ఇంకా అవసరం.

అందరికీ ఒకే చోటు పనిచేయదు లెండి. తుంగభద్ర ఒడ్డున కాసేపు కూర్చుంటే నాకు తల తేలికవుతుంది. కర్నూలు పాతబస్తీలో ఉండే మా పెద్దమ్మ మాత్రం 2009 అక్టోబరు వరద చూసింది. పెద్ద వాన పడితే ఇప్పటికీ లేచి గడప దాకా వచ్చి చూస్తుంది. ఆమెను ఏటి ఒడ్డుకు రమ్మని నేను ఎప్పుడూ అనను.

అన్నీ గది మీదే వేసి ఆగిపోకండి. రెండు వారాలు దాటినా ఏ పని మీదా మనసు లేకపోతే డాక్టరుకు చూపించుకోండి, పెద్దాసుపత్రిలో మానసిక విభాగం ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, ఆ క్షణమే ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.

కొత్త గది చూసుకునేటప్పుడు ఓనర్లు పొద్దున్నే, చల్లటి వేళ చూపిస్తారు. అడ్వాన్సు ఇవ్వకముందే మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఇంకోసారి వెళ్లి తలుపేసుకుని పది నిమిషాలు ఉండి చూడండి.