గోర్డీ శాంప్సన్ పాడటం మానేసి పాటల రచయితగా మారారా?

మానలేదు, కాకపోతే కెనడాలోని కేప్ బ్రెటన్ దీవికి చెందిన ఈ గాయకుడు సొంత ఆల్బమ్‌ల కన్నా, అమెరికాలోని నాష్‌విల్‌లో ఇతర గాయకులకు పాటలు కట్టడాన్నే ప్రధాన వృత్తిగా చేసుకున్నారు. అక్కడ రచయిత అంటే సాహిత్యం మాత్రమే రాసేవారు కాదు; ఇద్దరు ముగ్గురు ఒక గదిలో గిటార్‌తో కూర్చుని మాటలనూ బాణీనీ కలిసే కడతారు. పైగా అమెరికా ఎఫ్ఎం రేడియోలో పాట వచ్చిన ప్రతిసారీ రాయల్టీ, అంటే పాటను వాడుకున్నందుకు చెల్లించే సొమ్ము, ఆ పాటను కట్టినవారికే దక్కుతుంది, పాడినవారికి దక్కదు. ఈ మార్పుకు అర్థం తెలిసేది ఇక్కడే. ఉదాహరణకు, శాంప్సన్ మరో ఇద్దరితో కలిసి రాయగా 2005లో అమెరికా గాయని కేరీ అండర్‌వుడ్ పాడిన ‘జీసస్, టేక్ ద వీల్’కు 2007లో ఉత్తమ ‘కంట్రీ’ (అమెరికా పల్లె జానపదం నుంచి పుట్టిన సంగీత శైలి) పాటగా గ్రామీ వచ్చింది, అది రచయితలకు ఇచ్చే పురస్కారం. గాయకుడిగా నెగ్గుకురాలేక కలం పట్టారని చాలామంది అనుకుంటారు గాని, ఆ తర్వాత 2008లోనూ ఆయన తన గొంతుతో ఆల్బమ్ తెచ్చారు.