పేలుళ్ల తరవాత దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్లీ బస్సెక్కడం

గ్రూప్స్ కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో గది చూసుకుంటున్నానని, 2013 నాటి బాంబు పేలుళ్లు గుర్తు చేసుకుని ఇంట్లోవాళ్లు వద్దంటున్నారని, అసలు అక్కడి జనం మళ్లీ మామూలుగా ఎలా తిరగగలిగారని అడిగారు. నేను అప్పుడూ ఇప్పుడూ గడ్డిఅన్నారంలోనే ఉంటున్నాను. ఉద్యోగం నాంపల్లిలో. ఎక్కేదీ దిగేదీ ఆ రోడ్డు మీదే కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

మామూలుగా తిరగడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదండీ, జీతం మీద బతికేవాళ్లయితే చాలు. పేలుళ్లు జరిగింది ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం ఏడు గంటల వేళ. శుక్రవారం పొద్దున నేను ఆఫీసుకు బయలుదేరాను. నెలాఖరు లెక్కలు ఉన్నాయి, సెలవు దొరకదు. మెయిన్ రోడ్డు మీద పోలీసులు తాళ్లు కట్టేశారు. సందుల్లోంచి మూసారాంబాగ్ దాకా నడిచి అక్కడ బస్సెక్కాను. బస్సు నిండా నాలాంటివాళ్లే, ఎవరి మొహంలోనూ నిద్ర పోయిన కళ లేదు. ఆ వారమంతా టీవీల్లో హైదరాబాద్ గుండె నిబ్బరం గురించి తెగ చెప్పారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇలాంటి పొగడ్త చాటున అడగాల్సిన ప్రశ్నలు జారిపోతాయి. రెండు రోజుల ముందే రాష్ట్రాలను హెచ్చరించామని అప్పటి కేంద్ర హోంమంత్రి షిండే అన్నారు. అలాంటి హెచ్చరికలు మామూలుగా వస్తూనే ఉంటాయని రాష్ట్రం వైపు నుంచి జవాబు వచ్చింది. మధ్యలో 18 మంది పోయారు, 130 మందికి పైగా గాయపడ్డారు.

పైగా ఆ చోటికి అది కొత్త కాదు. 2002 నవంబరులో సాయిబాబా గుడి దగ్గర పేలుడు జరిగింది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో 42 మంది చనిపోయిన రాత్రే దిల్‌సుఖ్‌నగర్‌లో పాదచారుల వంతెన కింద పేలని బాంబు దొరికింది. మా వీధి పెద్దవాళ్లు దాన్ని తప్పిన గండం అనేవారు. తప్పలేదు, ఐదున్నరేళ్లు వాయిదా పడిందంతే.

ఆ గురువారం సాయంత్రం నేను ఉన్న బస్సు మలక్‌పేట దగ్గర ఆగిపోయింది. ముందు ట్రాఫిక్ అనుకున్నాం. తరవాత ఒక్కొక్కరి ఫోనూ మోగడం మొదలైంది, కాసేపటికి ఏ ఫోనూ కలవకుండా పోయింది. గురువారాలు మా అమ్మ బాబా గుడికి వెళుతుంది. బస్సు దిగి, అంబులెన్సులు వెళుతున్న దిక్కుకే నడిచాను. సందుల్లోంచి ఇల్లు చేరేసరికి అమ్మ పప్పు తాలింపు వేస్తోంది. ఆ రోజు మోకాలు నొప్పిగా ఉండి గుడికి వెళ్లలేదట. టీవీ పెట్టుకోలేదు కాబట్టి ఏమీ తెలియదు. అంత చెమట ఎందుకు పట్టిందని నన్నే కోప్పడింది. బాంబులు పేలిన 107 బస్టాపు దగ్గర, మిర్చి బజ్జీల కొట్టు దగ్గర నిలబడిన చాలామంది మీలాగే చదువుకోవడానికి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ల ఇళ్లకు ఫోన్లు ఎలా వెళ్లి ఉంటాయో మీ అమ్మానాన్నలు ఊహించుకుంటున్నారు. అందుకని వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసిపారేయకండి.

తరవాత రోజుల్లో భయం ఎవరూ పైకి చెప్పుకోలేదు, చేతల్లో మాత్రం కనబడేది. బాంబులు సైకిళ్ల మీద పెట్టారని తెలిశాక స్టాపు దగ్గర నిలబెట్టిన సైకిల్ అంటేనే జనం పక్కకు జరిగేవారు. సైకిల్‌కు క్యాను కట్టుకుని టీ అమ్మే కుర్రాడొకడు ఉండేవాడు. దుకాణాలవాళ్లు అతన్ని ముందు నిలబడనివ్వలేదు. కొన్నాళ్లు ఒక చేత్తో క్యాను, ఇంకో చేత్తో గ్లాసుల బుట్ట మోసుకుని కాలినడకన తిరిగాడు, ఆ తరవాత కనబడలేదు. నష్టపరిహారం జాబితాల్లో ఇలాంటివాళ్లు ఉండరు.

బస్సులో కండక్టర్ టికెట్ కొట్టేముందు సీటు కిందకు చూసేవాడు. ఒకసారి చాదర్‌ఘాట్ దాటాక, ఎవరూ నాదనని సంచి ఒకటి దొరికింది. బస్సు పక్కకు ఆపించి అందరినీ దించేశాడు. తీరా చూస్తే అది ముందు వైపు వేలాడుతున్న కాలేజీ కుర్రాడిది, చెవుల్లో పాటలు పెట్టుకుని ఏమీ వినలేదు. అందులో టిఫిన్ డబ్బా, ఒక రికార్డు పుస్తకం. ఒక పెద్దావిడ వాణ్ని నానా మాటలూ అని, చివరికి "పెరుగన్నం పులిసిపోతుంది, ముందు తినేయి నాయనా" అంది. దాంతో బస్సులో అందరం నవ్వాం. కండక్టర్ మాత్రం నవ్వలేదు.

అన్నింటికంటే నన్ను బాధపెట్టింది వేరే సంగతి. మలక్‌పేటలో ఎక్కే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. గడ్డం, టోపీ, చేతిలో రెగ్జిన్ బ్యాగు. కోర్టులో గుమాస్తా. నా పేపరు ఆయన చదివేవారు, ఆయన పాన్ డబ్బాలోంచి సోంపు నేను తీసుకునేవాణ్ని. పేలుళ్ల తరవాత ఆయన బ్యాగు పైన పెట్టడం మానేశారు. జిప్పు పూర్తిగా తెరిచి, లోపలి కాగితాలు, కళ్లజోడు పెట్టె, అరటిపండు అందరికీ కనబడేలా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఎవరూ అడగలేదు. అడగకముందే జవాబు చెప్పుకుంటున్నారన్నమాట. 2007లో మక్కా మసీదు పేలుడు తరవాత పట్టుకెళ్లిన పాతబస్తీ కుర్రాళ్లు ఎందరో నిర్దోషులుగా బయటికొచ్చిన సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. "జిప్పు వేసుకోండి సాబ్, కాగితాలు ఎగిరిపోతాయి" అని ఒకరోజు అన్నాను. "ఎండాకాలం కదా, గాలి తగలనీ" అన్నారు. వానాకాలం వచ్చాక కూడా తెరిచే పెట్టుకున్నారు.

మెల్లగా అన్నీ పలచబడ్డాయి. జనం గుమిగూడే దుకాణాలు, హోటళ్లు సీసీ కెమెరాలు పెట్టుకోవాలని అదే ఏడాది చట్టం తెచ్చారు. 2016 డిసెంబరులో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) కేసులు చూసే ప్రత్యేక కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. ఆ రోజు మెట్రోలో నా పక్కనున్న అమ్మాయి ఫోనులో ఆ వార్త చూసి, "ఇక్కడ బాంబు పేలిందా?" అని స్నేహితురాలిని అడిగింది. 2018 సెప్టెంబరులో ఎల్‌బీ నగర్ దాకా మెట్రో వచ్చినప్పటి నుంచి మేము ఆ రోడ్డుకు పైన వెళుతున్నాం. స్టేషన్‌లో బ్యాగు యంత్రంలో పెట్టి తీసుకోవడం, గార్డు ముందు చేతులు చాచి నిలబడటం ఆ అమ్మాయి ఈడువాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు లాంటిది. ఆమెకు తెలియకపోవడం నాకు తప్పనిపించలేదు. కొంచెం ఊరట కూడా కలిగింది.

ఇక మీ గది విషయం. 2013 నాటి పేలుళ్లను చూసి మానుకోవలసిన పని లేదు. రోజూ మీకు ఎదురయ్యే ప్రమాదాలు వేరే ఉన్నాయి. రోడ్డు దాటాలంటే మెట్రో స్తంభాల మధ్య దూకకండి, స్టేషన్ మెట్లెక్కి అవతల దిగండి. అక్కడ హాస్టళ్లు చాలావరకు ఇరుకు మేడలు, ఒకే మెట్లదారి, ఒక్కో గదిలో నలుగురైదుగురు. చూడటానికి వెళ్లినప్పుడు మీ నాన్నగారిని కూడా తీసుకెళ్లండి. కరెంటు మీటర్లు మెట్ల కిందే ఉన్నాయా, రెండో దారి ఉందా అని చూసుకోండి. రాత్రి గ్రిల్లుకు తాళం వేశాక తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. వార్డెన్ ఇంటికి పట్టుకెళతాడని చెబితే ఇంకో హాస్టల్ చూసుకోండి.