పేరున్న లా స్కూలా, ఫీజు లేని సీటా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా ఆదోని. మా నాన్నగారు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం దగ్గర దస్తావేజు లేఖరి. ఆయన రాసే క్రయపత్రాలు, భాగపత్రాలు చూస్తూ పెరిగినందువల్ల నాకు న్యాయశాస్త్రం మీద ఇష్టం ఏర్పడింది. ఇంటర్మీడియట్ పూర్తిచేసి, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష అయిన క్లాట్ రాశాను. వేరే రాష్ట్రంలో ఉన్న, దేశమంతటా పేరున్న ఒక జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ సీటు వచ్చింది. అక్కడ హాస్టల్‌తో కలిపి ఐదేళ్లకు 16 లక్షల రూపాయల దాకా అవుతుంది. మరోపక్క ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం నా క్లాట్ స్కోరు చూసి, ఏటా రెండున్నర లక్షల ట్యూషన్ ఫీజును పూర్తిగా మాఫీ చేస్తామంటోంది. హాస్టలు, భోజనం కింద ఏడాదికి లక్షా పాతిక వేలు కడితే చాలు. అయితే ప్రతి సంవత్సరం సీజీపీఏ (పదికి లెక్కించే సగటు గ్రేడు) 7.5కు తగ్గకూడదు, ఒక్క బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టు) కూడా ఉండకూడదు. మా కుటుంబ వార్షికాదాయం 5 లక్షల వరకు ఉంటుంది. ఏడాదికి లక్షా పాతిక వేలు నాన్నగారు సర్దగలరు, అంతకు మించితే అప్పే. ఇల్లు తాకట్టు పెట్టి అయినా పేరున్న చోటే చదివిస్తానని ఆయన పట్టుదలగా ఉన్నారు. బెంగళూరులో ఉండే మా మేనమామ కూడా అదే అంటున్నారు, అక్కడ చదివితే పెద్ద కంపెనీలలో ఉద్యోగం వస్తుందని ఆయన ఆశ. నాకేమో మన ప్రాంతంలోనే ప్రాక్టీసు చేసి, తర్వాత జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలని ఉంది. తమ్ముడు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాడు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, ఆదోని

సమాధానం: అమ్మా, మీరు జడ్జి కావాలనుకుంటున్నారు కాబట్టి నా సలహా స్కాలర్‌షిప్పు వైపే ఉంది. అయితే ఆ విశ్వవిద్యాలయం నుంచి కొన్ని విషయాలు రాతపూర్వకంగా తెప్పించుకున్న తరువాతే ఆ నిర్ణయం తీసుకోవాలి. మీ నాన్నగారు కూడా ఈ సమాధానం చదువుతారన్న ఉద్దేశంతో కారణాలు కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు అప్పు సంగతి చూద్దాం. రెండు చోట్లా మీ నాన్నగారు ఏడాదికి లక్షా పాతిక వేలే ఇస్తారనుకుంటే, ప్రైవేటు విశ్వవిద్యాలయంలో అప్పు అవసరమే ఉండదు, పేరున్న చోట మాత్రం ఐదేళ్లకు 9 లక్షల 75 వేలు బ్యాంకు నుంచి తేవాలి. వడ్డీ పది శాతం అనుకుని, ఏటా సమానంగా తీసుకుంటూ, చదువు కాలంలోనూ ఆ తర్వాతి ఏడాది మారటోరియంలోనూ (వాయిదాలు కట్టనక్కర్లేని గడువులోనూ) బారువడ్డీయే పడుతుందనుకుంటే, వాయిదాలు మొదలయ్యే నాటికి ఆ అప్పు సుమారు 13 లక్షల 65 వేలు అవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు 18,000 రూపాయల చొప్పున కట్టాలి.

దీన్ని కొంత తగ్గించే మార్గం ఒకటుంది. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు గాని, హామీదారు గాని లేకుండానే బ్యాంకులు రుణం ఇస్తాయి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పు గాని వడ్డీ రాయితీ గాని పొందనివారికి, 10 లక్షల వరకు రుణం మీద మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. అది ఏటా లక్ష మంది విద్యార్థులకు ఇస్తారు. మీకు ఆ రాయితీ దొరికితే పైన చెప్పిన నెల వాయిదా 16,500 రూపాయల దగ్గరకు వస్తుంది. కాబట్టి చివరికి పేరున్న చోటే చేరాలని మీ ఇంట్లో నిర్ణయించుకున్నా, ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టే ముందు ఆ విశ్వవిద్యాలయం పేరు విద్యాలక్ష్మి జాబితాలో ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. ఉంటే ఇల్లు తాకట్టు పెట్టవలసిన అవసరమే రాదు.

ఇప్పుడు ఆ వాయిదాను మీరు కట్టవలసిన సంవత్సరాల వైపు చూడండి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల న్యాయవాద అనుభవం ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న ఇచ్చిన తీర్పులో చెప్పింది. ఆ మూడేళ్లను తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ (న్యాయవాదిగా బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు) తేదీ నుంచి లెక్కిస్తారు. ఆ అనుభవానికి పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ధ్రువపత్రం ఇవ్వాలి, దానిని సంబంధిత కోర్టు ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. లా పట్టా చేతికి రాగానే పరీక్ష రాసి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకే బెంచి ఎక్కే దారి ఇప్పుడు లేదు. మీ ర్యాంకు ఎంత గొప్పదైనా, చదివిన చోటు ఎంత పేరున్నదైనా, ఆ మూడేళ్ల అనుభవం సంపాదించక తప్పదు, మామూలుగా అది ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గానే గడుస్తుంది. ఆ తర్వాత కూడా నోటిఫికేషన్ వెలువడి, రాతపరీక్ష, మౌఖిక పరీక్ష, నియామకం పూర్తయ్యేసరికి మరికొంత కాలం గడుస్తుంది.

జిల్లా కోర్టుల్లో జూనియర్లకు దొరికేది ఎంతో మీ నాన్నగారు రిజిస్ట్రేషన్ పనిమీద వచ్చే న్యాయవాదులను అడిగినా చెబుతారు. 2024 అక్టోబరులో భారత బార్ కౌన్సిల్ జూనియర్ న్యాయవాదులకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలని సూచించింది. అది సూచన మాత్రమే. ఇవ్వాలన్న నిర్బంధం లేదు, చాలా చోట్ల సీనియర్లకు ఇవ్వగల స్తోమత కూడా ఉండదు. అంటే బార్ కౌన్సిల్ కోరిన 15,000 మొత్తం మీ చేతికి వచ్చినా, అది బ్యాంకు వాయిదాకే సరిపోదు. తిండి, బస్సు చార్జీలు, పుస్తకాలు, నల్లకోటు మళ్లీ మీ నాన్నగారి మీదే పడతాయి, సరిగ్గా ఆ ఏళ్లలోనే మీ తమ్ముడి చదువు కూడా ముగింపు దశలో ఉంటుంది. తెలివైన జూనియర్లు, సాక్షిని ప్రశ్నించడం అప్పుడప్పుడే పట్టుబడుతున్నవాళ్లు, ఇంటి అప్పు కోసం రెండో ఏడాదే కోర్టు వదిలి ఏదో ఒక నెల జీతానికి వెళ్లిపోవడం నేను మన బార్‌లో చూస్తూనే ఉన్నాను. వాళ్లలో ఎవరికీ చదువు తక్కువ కాదు. మూడేళ్లు నిలబడగలిగే వెసులుబాటు లేకపోవడమే వాళ్లను కోర్టుకు దూరం చేసింది. మీకు ఆ వెసులుబాటు అప్పు లేకపోవడం వల్ల వస్తుంది.

మీ మేనమామ గారి మాటలో నిజం లేదని నేను అనడం లేదు. పెద్ద న్యాయసంస్థలు, కంపెనీలు క్యాంపస్ నియామకాలకు ఎక్కువగా ముందు వరుసలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకే వెళతాయి, అలాంటి జీతంతో ఈ అప్పు కొద్ది ఏళ్లలో తీరిపోతుంది కూడా. మీకు ఒప్పందాలు రాయడం, కంపెనీ చట్టం, విలీనాల మీద ఆసక్తి ఉండి, ముంబయి, ఢిల్లీ, బెంగళూరుల్లో స్థిరపడాలని ఉంటే, అప్పు చేసి అయినా పేరున్న చోటే చేరమని ఇదే పేజీలో రాసి ఉండేవాణ్ని. కానీ మీ ఉత్తరంలో ఆ ఆసక్తి కనిపించలేదు. ఆదోనిలో మీ ముందుకు వచ్చేవి అన్నదమ్ముల మధ్య పార్టిషన్ దావాలు, పొలం గట్ల మీద ఇంజంక్షన్లు, పత్తి వ్యాపారంలో చెల్లని చెక్కుల కేసులు, రోడ్డు ప్రమాద పరిహారాలు. భాగపత్రం చూస్తూ పెరిగిన అమ్మాయికి అవి కొత్త కావు. అక్కడ కక్షిదారు మీ పట్టా మీద ఏ విశ్వవిద్యాలయం పేరుందో అడగడు, వాయిదా నాటికి కాగితాలు సిద్ధం చేశారో లేదో అడుగుతాడు.

కర్నూలులో హైకోర్టు బెంచి వస్తుందన్న మాట కూడా మీ ఇంట్లో వచ్చే ఉంటుంది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న శ్రీబాగ్ ఒడంబడిక నుంచి రాయలసీమ ఎదురుచూస్తున్న విషయం అది. 2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ దాని మీద తీర్మానం కూడా చేసింది. అది వస్తే మన యువ న్యాయవాదులకు ఎంతో మేలు జరుగుతుంది, రావాలని నేనూ మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అయితే ఇంకా రూపుదాల్చవలసిన ఒక ఏర్పాటును నమ్ముకుని పదేళ్ల అప్పు తలకెత్తుకోవడం మంచిది కాదు.

ఇక స్కాలర్‌షిప్పు షరతుల దగ్గరకు వద్దాం. నా సలహా అంతా వీటి మీదే ఆధారపడి ఉంది. రెండేళ్లు చదివాక సీజీపీఏ 7.4కు పడిపోయి మాఫీ రద్దయిందనుకోండి. మిగిలిన మూడేళ్లకు రెండున్నర లక్షల చొప్పున ఏడున్నర లక్షలు కట్టాలి. అంటే పేరున్న చోట చేయవలసిన అప్పులో ముప్పాతిక వంతు ఇక్కడా చేసినట్టే, పైగా ఆ పేరూ ఉండదు. ప్రకటనలో ‘నూరు శాతం’ అని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా, దాని విలువ షరతు నిలబెట్టుకోవడంలోనే ఉంది. కాబట్టి ఆ 7.5 అన్నది స్థిరమైన అంకెనా, లేక తరగతిలో మొదటి ఇంత శాతం మందికే అన్న మరో నియమం దానికి జతగా ఉందా అని అడగండి. స్థిరమైన అంకె అయితే కష్టపడి చదివే అందరూ దాన్ని అందుకోగలరు. ర్యాంకును బట్టి అయితే మీరు ఎంత చదివినా పక్కవాళ్లు ఇంకాస్త బాగా రాస్తే మాఫీ పోతుంది, స్కాలర్‌షిప్పు పొందినవాళ్లంతా ఒకే తరగతిలో ఉంటే ఆ పోటీ మరీ తీవ్రంగా ఉంటుంది. ఒక ఏడాది మార్కులు తగ్గితే ఆ ఏడాదికే ఫీజు కట్టాలా, లేక మాఫీ శాశ్వతంగా పోతుందా, జబ్బు చేసి పరీక్ష రాయలేకపోతే దాన్ని బ్యాక్‌లాగ్‌గా లెక్కిస్తారా, హాస్టల్ రుసుము ఏటా ఎంత వరకు పెంచవచ్చు అన్నవీ తెలియాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, గత మూడు నాలుగు బ్యాచ్‌లలో ఈ మాఫీతో చేరినవాళ్లు ఎంతమంది, వారిలో ఐదో ఏడాది వరకు నిలబెట్టుకున్నవాళ్లు ఎంతమంది అని అడగండి. అమెరికాలో అక్కడి బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న న్యాయ కళాశాలలు, షరతులతో ఇచ్చిన స్కాలర్‌షిప్పులను ఎంతమంది కోల్పోయారో ఏటా బహిరంగంగా ప్రకటించాలన్న నియమం ఉంది. విద్యార్థికి ఎంతో అవసరమైన నియమం అది. ఇక్కడ మీరే అడిగి తెలుసుకోవాలి. ఫోనులో అడ్మిషన్ల విభాగం వారు ఇచ్చే మాటను లెక్కలోకి తీసుకోకండి, ఈమెయిల్‌లో గాని, విశ్వవిద్యాలయం లెటర్‌హెడ్ మీద గాని జవాబు తెప్పించుకోండి. ఇప్పుడు మూడు, నాలుగు సంవత్సరాల్లో ఉన్న విద్యార్థులతో ఒకరిద్దరితో మాట్లాడితే లెటర్‌హెడ్ మీద రానివి కూడా కొన్ని తెలుస్తాయి. ఆ కోర్సుకు భారత బార్ కౌన్సిల్ అనుమతి మీరు చేరే విద్యాసంవత్సరానికి అమల్లో ఉందో లేదో కూడా చూసుకోండి. అనుమతి లేని కోర్సు చదివితే ఎన్‌రోల్‌మెంట్ దగ్గరే చిక్కు వస్తుంది.

పేరున్న చోటును వదులుకోవడం వల్ల మీకు కలిగే లోటు కూడా చిన్నది కాదు. చురుకైన సహాధ్యాయులు, మంచి గ్రంథాలయం, మూట్ కోర్టు (విద్యార్థుల నమూనా వాదనల) పోటీల్లో శిక్షణ, హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయవాదుల దగ్గర ఇంటర్న్‌షిప్‌కు సులువుగా దొరికే పరిచయాలు అక్కడ ఉంటాయి. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో వీటిని మీరే వెతుక్కోవాలి. మొదటి రెండేళ్ల సెలవుల్లో కర్నూలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేయండి, లోక్ అదాలత్‌లో రాజీలు ఎలా కుదురుతాయో దగ్గర నుంచి చూడవచ్చు. మూడో ఏడాది ఒక ట్రయల్ న్యాయవాది దగ్గర, నాలుగో ఏడాది అమరావతిలో హైకోర్టు న్యాయవాది దగ్గర పనిచేయండి. ఇంగ్లిషులో చదువుతున్నా తెలుగును వదలకండి. మన జిల్లా కోర్టుల్లో సాక్షులు మాట్లాడేది తెలుగే, మీ నాన్నగారి దస్తావేజుల తెలుగు ఆ పనిలో మీకు పెద్ద ఆస్తి. ఐదేళ్ల తర్వాత కూడా పేరున్న విశ్వవిద్యాలయంలో చదవాలన్న కోరిక మిగిలి ఉంటే, పీజీ క్లాట్ రాసి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో ఏడాది ఎల్‌ఎల్‌ఎం చేయవచ్చు. ఐదేళ్ల ఖర్చులో అది చిన్న భాగమే.

మీ నాన్నగారికి ఒక మాట. అయ్యా, బిడ్డ సాధించిన సీటును చేతులారా వదులుకోవడం ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. దస్తావేజు రాసేటప్పుడు షరతులన్నీ చదివి వినిపించి, ఒప్పుకున్నాకే మీరు సంతకం చేయిస్తారు. ఈ స్కాలర్‌షిప్పు పత్రాన్ని కూడా మీరే అలా చదవండి, మీ కంటే జాగ్రత్తగా దాన్ని చదవగలవారు ఆ ఇంట్లో మరొకరు లేరు.

కౌన్సెలింగ్‌లో సీటు ఖరారు చేసే గడువుకు కనీసం వారం ముందు ఈ జవాబులు మీ చేతిలో ఉండేలా ఇవాళే రాయండి, సీటు రద్దు చేసుకుంటే కట్టిన డబ్బులో ఎంత, ఏ తేదీలోపు తిరిగి ఇస్తారో రెండు చోట్లా కనుక్కోండి. 7.5 స్థిరమైన అంకె అని, పాత బ్యాచ్‌లలో ఎక్కువమంది మాఫీ నిలబెట్టుకున్నారని తేలితే స్కాలర్‌షిప్పు తీసుకోండి. ర్యాంకు నియమం ఉందని తేలినా, అడిగినవాటికి గడువులోగా రాతపూర్వకమైన జవాబు రాకపోయినా, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం సీటునే ఖరారు చేసుకుని, పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో రుణానికి దరఖాస్తు చేయండి.