సూప్ బాగుండాలంటే ముందు బ్రెడ్ ఎక్కడ బాగుందో చూడండి
(పాఠకుల ప్రశ్నలు - మా జవాబులు)

ప్రశ్న: ఉద్యోగం మారి కొత్త నగరానికి వచ్చాను. మధ్యాహ్నం కడుపు నిండా తింటే రెండింటికల్లా కళ్లు మూతలు పడిపోతున్నాయి, అందుకని ఒక సూప్, ఒక శాండ్‌విచ్‌తో సరిపెట్టుకుందామని అనుకున్నాను. ఆఫీసు చుట్టుపక్కల హోటళ్లకు, కెఫేలకు కొదవ లేదు. ఫోన్‌లో చూస్తే అన్నిటికీ నాలుగుకు పైనే స్టార్లు, ఫొటోలు చూస్తే నోరూరుతుంది. తీరా వెళ్తే పిండి కలిపిన వేడినీళ్లలాంటి సూప్, చల్లగా బిరుసెక్కిన బ్రెడ్. లంచ్‌కి దొరికేది ముప్పావు గంట. రోజూ ఈ జూదం ఆడలేను. మంచి చోటు కనిపెట్టే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. ఫోన్‌లో ‘సూప్’ అని వెతకడం మానేసి ‘బేకరీ’ అని వెతకండి.

తిక్కగా చెప్తున్నాననుకోకండి. సూప్‌లో లోపాలు దాచడం తేలిక, కాస్త క్రీమ్, కాస్త మిరియాల పొడి, ఇంకాస్త ఉప్పు పడితే చప్పటి సూప్ కూడా మొదటి నాలుగు చెంచాల వరకు బాగానే ఉంటుంది. బ్రెడ్‌కు ఆ సౌకర్యం లేదు, నిన్నటిదైతే నిన్నటిదని ముట్టుకోగానే చెప్పేస్తుంది. సొంతంగా బ్రెడ్ కాల్చే చోట, లేదా పొద్దున్నే తాజాగా తెప్పించుకునే చోట, మిగిలిపోయిన బ్రెడ్‌ను ఏదో ఒకటి చేయాలి కదా. దాన్ని ముక్కలు కోసి వేయించి సూప్ మీద వేస్తారు, ఉల్లిపాయ సూప్ మీద చీజ్‌తో పాటు పరుస్తారు, టమాటా సూప్ చిక్కబడటానికి అందులోనే వేసి మెదుపుతారు. అంటే ఆ వంటింటికి సూప్‌తో రోజూ పని ఉంటుంది. వంద రకాలు రాసిన మెనూ ఉన్న పెద్ద రెస్టారెంటులో అలా కాదు, అక్కడ సూప్ అనేది అసలు భోజనం వచ్చేదాకా కాలక్షేపానికి ఇచ్చే వస్తువు.

బేకరీలు గుర్తుపెట్టుకున్నాక, మ్యాప్‌లో ఆసుపత్రి, యూనివర్సిటీ, కోర్టు, లైబ్రరీ ఎక్కడెక్కడున్నాయో చూసి వాటి చుట్టూ ఉన్న చిన్న కెఫేలు చూడండి. ఇలాంటి చోట్లకు వారంలో ఐదు రోజులూ ఆ మనుషులే వస్తారు. సోమవారం మోసపోయినవాడు మంగళవారం పక్కషాపుకు పోతాడని వండేవాళ్లకు తెలుసు. టూరిస్టులు తిరిగే వీధిలో ఆ భయం ఉండదు, ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ రారు కాబట్టి ఎలా పెట్టినా గడిచిపోతుంది. అక్కడ మంచివి లేవని కాదు, మీ ముప్పావు గంటలో వాటిని ఏరుకునే తీరిక లేదు.

ఇక స్టార్ల సంగతి వదిలేయండి. సాయంత్రం లైటింగ్ బాగుందని ఇచ్చినవీ, పార్కింగ్ దొరకలేదని తగ్గించినవీ అన్నీ కలిసి ఆ అంకె వస్తుంది. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, వాటిలో ‘సూప్’ అనే మాటను మాత్రం వెతకండి. పనిరోజు మధ్యాహ్నం తిన్నవాళ్లు ఏం రాశారన్నదే మీకు కావాలి. ఫొటోల్లో కూడా యజమాని పెట్టినవి దాటేసి, తిన్నవాళ్లు తీసినవి చూడండి. వాటిలో శాండ్‌విచ్‌ను కోసిన చోటు కనిపిస్తుంది, లోపల సరుకు అంచుదాకా ఉందో మధ్యలోనే కుప్పపోశారో అక్కడ తెలిసిపోతుంది.

వెళ్లాక కూర్చునే ముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి. ‘ఈరోజు సూప్’ అని బోర్డు మీద ఒకటో రెండో చేత్తో రాసి ఉంటే మంచి గుర్తు. రోజూ పది రకాల సూప్‌లు ఎప్పుడడిగితే అప్పుడు ఇస్తామంటే, ఆ పదీ ఆ రోజు పొద్దున చేసినవి అయ్యే అవకాశం తక్కువ. ఒక ఐటమ్ పక్కన ‘అయిపోయింది’ అని రాసి ఉంటే నిరాశపడకండి, నాకైతే అలాంటి బోర్డు చూస్తే నమ్మకం కుదురుతుంది, ఆ రోజుకు ఎంత కావాలో అంతే చేశారన్నమాట.

తర్వాత శాండ్‌విచ్ చేసే మనిషి చేతులు చూడండి. బ్రెడ్ మీద ముందు ఏం పడుతోంది? వెన్నో మయొనైజో అంచులదాకా రాసి, దాని మీద చీజో ఆకో పెట్టి, టమాటా ముక్కల్ని మధ్యలో బ్రెడ్‌కు తగలకుండా సర్దితే ఆ మనిషికి పని తెలుసు. ఆ జిడ్డు పొర తడిని బ్రెడ్‌లోకి దిగనివ్వదు. అలా కాకుండా ఉప్పు చల్లిన టమాటాను నేరుగా ఒట్టి బ్రెడ్ మీద వేశారనుకోండి, ఉప్పుకు నీళ్లు ఊరి, మీరు సగం సూప్ తాగేలోపు కింది ముక్క మెత్తబడి చేతిలోనే విడిపోతుంది.

ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టిన శాండ్‌విచ్ మాత్రం వీలైతే వద్దు. బ్రెడ్ బయట ఉన్నదానికంటే ఫ్రిజ్‌లోనే తొందరగా బిరుసెక్కుతుంది, ఆ చల్లదనానికి లోపలి పిండిపదార్థం గట్టిపడిపోతుంది. వేడి చేస్తే కాసేపు మళ్లీ మెత్తబడుతుంది కాబట్టి, వేరే దారి లేకపోతే గ్రిల్ చేసి ఇమ్మని అడిగి వెంటనే తినేయండి.

సూప్ వచ్చాక పొగలు రావాలి. వేడి ఆహారాన్ని 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లటిదాన్ని 5 డిగ్రీల లోపు ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది సరదాకు కాదు, ఆ రెంటి మధ్య క్రిములు బాగా పెరుగుతాయి. గోరువెచ్చగా వస్తే మొహమాటం లేకుండా వెనక్కి పంపండి. ఇక మీరన్న ఆ పిండినీళ్ల సూప్‌ను గుర్తుపట్టడం సులువు. కార్న్‌ఫ్లోర్ ఎక్కువైన సూప్ అద్దంలా మెరుస్తుంది, చెంచాతో ఎత్తితే జారుడుగా ముద్దగా పడుతుంది. చిత్రమేమిటంటే సగం తాగేసరికి అది పల్చబడటం మొదలవుతుంది, ఎందుకంటే చెంచాతో పాటు మీ లాలాజలం గిన్నెలోకి వెళ్తుంది, దానిలోని ఎంజైమ్ పిండిని విరగ్గొడుతుంది. కూరగాయలో పప్పో మెత్తగా మెదిపి చిక్కబరచిన సూప్‌కు ఆ మెరుపు ఉండదు, నాలుక మీద సన్నటి నలుసులా తగులుతుంది. ఎముకలు గంటల తరబడి మరిగించిన సూప్ అయితే చివర్లో పెదాలు కొద్దిగా అతుక్కుంటున్నట్టు ఉంటాయి. అది ఎముకల నుంచి, వాటి చుట్టూ ఉన్న కండరాల అతుకుల నుంచి దిగిన జెలటిన్, పొడి కలిపి చేసిన సూప్‌లో అది సాధారణంగా రాదు.

వీలైతే పన్నెండున్నర లోపే వెళ్లండి. రెండు దాటితే అదే గిన్నె పొద్దున్నుంచీ వేడి మీదే ఉంటుంది కాబట్టి నీరు ఆవిరై సూప్ ఉప్పగా, అడుగున ముద్దగా తయారవుతుంది. దూరం విషయంలో మాత్రం ఆశపడకండి. నడకకు ఎనిమిది, పది నిమిషాలు దాటే చోటు ఎంత గొప్పదైనా సెలవురోజుకు దాచుకోండి.

ప్రశ్న: నేను పూర్తి శాకాహారిని. ‘వెజిటబుల్ సూప్’ అనే రాసి ఉంది, తిన్నాక ఎందుకో అనుమానం వచ్చింది. అడిగితే సప్లయర్ ‘ప్యూర్ వెజ్ మేడమ్’ అని వెళ్లిపోయాడు. ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మీ అనుమానం అర్థం లేనిదేం కాదండీ. పేరులో కూరగాయలు ఉన్నంత మాత్రాన అది ఉడికిన నీళ్లు కూడా కూరగాయలవే అని హామీ లేదు, కొన్ని వంటిళ్లలో అన్ని సూప్‌లకూ చికెన్ స్టాకే, అంటే కోడి ఎముకలు మరిగించిన నీళ్లే పోస్తారు. అందుకే ‘ఇది వెజ్జేనా’ అని అడిగితే లాభం లేదు, ఆ ప్రశ్నకు ‘అవును’ అనడం అందరికీ అలవాటు. ‘ఇందులో స్టాక్ దేనితో చేశారు? స్టాక్ రుచి కోసం కలిపే రెడీమేడ్ క్యూబ్ వేశారా, వేస్తే ఏ క్యూబ్?’ అని అడగండి. ఈ ప్రశ్నకు అవుననో కాదనో చెప్పి తప్పించుకోలేరు, వంటింట్లోకి వెళ్లి కనుక్కుని రావాల్సిందే.

ఫ్రెంచ్ ఆనియన్ సూప్ పేరు చూసి ఒట్టి ఉల్లిపాయలే అనుకోకండి, సంప్రదాయంగా దాన్ని బీఫ్ స్టాక్‌తో చేస్తారు. మినెస్ట్రోనే అనే ఇటలీ సూప్‌లో కూరగాయలు, బీన్స్, పాస్తా కనిపిస్తాయి గానీ కొందరు పంది మాంసం ముక్కలతో మొదలుపెడతారు, రుచి కోసం పార్మెజాన్ చీజ్ గట్టి తొక్కు కూడా వేసి ఉడికిస్తారు. ఆ చీజ్ అసలైన ఇటలీది అయితే, దాని కోసం పాలను దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థంతోనే విరగ్గొడతారు. పెస్టో అనే ఇటలీ ఆకు పచ్చడిలో కూడా సాధారణంగా అదే రకం చీజ్ ఉంటుంది. వూస్టర్‌షైర్ సాస్‌లో చిన్న చేపలు పడతాయి, శాండ్‌విచ్‌లోకి వాడే కొన్ని సాస్‌లలో అది కలుస్తుంది. మామూలు మయొనైజ్‌లో గుడ్డు ఉంటుంది, గుడ్డు లేనిది కావాలంటే విడిగా అడగాలి. గ్రిల్ సంగతి కూడా మరిచిపోకండి. చికెన్ శాండ్‌విచ్ తీసిన పెనం మీదే మీ చీజ్ శాండ్‌విచ్ పెడుతున్నారేమో చూసి, తుడిచి పెట్టమని చెప్పండి, లేదా కాల్చకుండా తీసుకోండి. ఇన్ని అడిగితే విసుక్కుంటారేమోనని టెన్షన్ పడకండి, రద్దీ మొదలుకాకముందు వెళ్లి అడిగితే చాలామంది ఓపిగ్గానే చెప్తారు. చెప్పలేమన్న చోట సూప్ మానేసి శాండ్‌విచ్ ఒక్కటే తినండి, అక్కడైతే కనీసం ఏమేం పెడుతున్నారో కళ్లకు కనిపిస్తుంది.

ప్రశ్న: సూప్, శాండ్‌విచ్ తేలిగ్గా ఉంటాయన్న మాట నిజమే, కానీ నాలుగింటికే ఆకలి దంచేస్తోంది. ఇదసలు లంచేనా?

జవాబు: మీరు ఏ సూప్, ఏ శాండ్‌విచ్ తీసుకుంటున్నారో రాయలేదు. టమాటా సూప్, కీరదోస శాండ్‌విచ్ అని ఊహిస్తున్నాను. ఆ రెంటిలో ప్రొటీన్ పెద్దగా లేదు, నాలుగింటికి ఆకలి వేయకపోతేనే ఆశ్చర్యపోవాలి. పప్పు లేదా బీన్స్ సూప్ తీసుకుని, శాండ్‌విచ్‌లో గుడ్డో చికెనో పనీరో ఉండేలా చూసుకోండి. చాలాచోట్ల సగం శాండ్‌విచ్, సూప్ కలిపి కాంబోగా ఇస్తారు. అందులో సూప్ కప్పు కాకుండా పెద్ద గిన్నె ఇస్తారేమో అడగండి, కప్పు అంటే తరచుగా పావు లీటరు లోపే.

తినే వరస కూడా ముఖ్యం. ముందు సూప్ నిదానంగా తాగండి, కాసేపాగి శాండ్‌విచ్ అందుకోండి. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ 2007లో ప్రచురించిన పరిశోధనలో, లంచ్‌కు ముందు సూప్ తాగినవాళ్లు సూప్ క్యాలరీలు కూడా కలుపుకున్నా మొత్తం మీద దాదాపు 20 శాతం తక్కువ తిన్నారు. మీ సమస్య దీనికి ఎదురు అంటారా? ఆగి తింటే ఎంత కావాలో కడుపే చెప్తుంది, మిగిలిన శాండ్‌విచ్‌ను కాగితంలో చుట్టించుకుని నాలుగింటికి తినండి.

ఉప్పు మాట ఒకటి. సూప్, బ్రెడ్, చీజ్, నిల్వ మాంసం, అన్నిట్లోనూ ఉప్పే. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక చిన్న చెంచా ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. బీపీ ఉంటే ఈ లంచ్ రోజూ వద్దు, తిన్నరోజు కూడా చీజ్, నిల్వ మాంసం రెండూ ఒకే శాండ్‌విచ్‌లో పెట్టించుకోకండి.

ప్రశ్న: కొత్త చోట సూప్ కొద్దిగా రుచి చూపించమని అడగొచ్చా? సిగ్గుగా ఉంటుంది.

జవాబు: పెద్ద గిన్నెలోంచి గరిటెతో పోసి ఇచ్చే చోట నిరభ్యంతరంగా అడగండి. వెనక పది మంది లైన్లో ఉన్నప్పుడు మాత్రం వద్దు.

ప్రశ్న: పార్సిల్ తెచ్చుకుని సీటు దగ్గరే తింటాను. ఆఫీసుకు వచ్చేసరికి శాండ్‌విచ్ తడిసిపోయి ఉంటుంది. ఏం చేయాలి?

జవాబు: సూప్ డబ్బా మీద శాండ్‌విచ్ పెట్టి ఒకే సంచిలో మూట కట్టి ఇస్తున్నారు కదూ, అక్కడే వస్తోంది చిక్కంతా. కింది నుంచి వేడి, పక్కనుంచి ఆవిరి, బ్రెడ్ ఎలా నిలబడుతుంది? రెండు సంచులు అడగండి. శాండ్‌విచ్‌ను ప్లాస్టిక్‌లో కాకుండా కాగితంలో చుట్టమనండి, కాల్చినదైతే ఒక నిమిషం బయట ఆరనిచ్చి చుట్టమంటే ఇంకా మంచిది, లోపలి ఆవిరి పోతుంది. టమాటా ముక్కలు, సాస్, వేయించిన బ్రెడ్ ముక్కలు విడి పొట్లాల్లో తెచ్చుకుని సీటు దగ్గర వేసుకోండి. సూప్ డబ్బాకు మూత గట్టిగా ఉందో లేదో కౌంటర్ దగ్గరే ఒకసారి నొక్కి చూసుకోండి, లిఫ్టులో ఊడితే మీ చొక్కాతో పాటు పక్కవాళ్ల చొక్కా కూడా పోతుంది.