రెండు గంటల బస్సు టికెట్టు

ప్రశ్న: ఈ మధ్య ‘ఇన్ టైమ్’ చూశాను. జస్టిన్ టింబర్‌లేక్, అమాండా సేఫ్రిడ్, కిలియన్ మర్ఫీ, ఒలీవియా వైల్డ్... అందరూ పేరున్నవాళ్ళే. డబ్బుకు బదులు ఆయుష్షే చెలామణి అయ్యే లోకం. మొదటి అరగంట ఊపిరి బిగబట్టి చూశాను. తర్వాత కథ నీరుగారిపోయింది. లోపం నటులదా, కథదా?
– డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: నటులది కాదమ్మా. మీరు అరగంట అని గుర్తుపెట్టుకున్నారు చూడండి, ఆ సినిమా ప్రాణం ఆ అరగంటలోనే, ఒక బస్సు ఫుట్‌బోర్డు దగ్గర ఉంది.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2011లో ఆండ్రూ నికోల్ రాసి తీసిన సినిమా ఇది. 25 ఏళ్ళు రాగానే మనిషికి వయసు పెరగడం ఆగిపోతుంది. ముంజేతి మీద పచ్చటి అంకెలు వెలుగుతాయి. చేతిలో ఉండేది ఒక్క ఏడాదే. సున్నాకొస్తే ఉన్నచోటే కూలిపోతారు. జీతం, అద్దె, అప్పు అన్నీ అందులోంచే. నిన్న 3 నిమిషాలున్న కాఫీ ఇవాళ 4 నిమిషాలు.

హీరో తల్లి అప్పు కట్టేసి బస్సెక్కబోతుంది. ఆమె దగ్గర గంటన్నర మిగిలింది. టికెట్టు గంటే కదా అనుకుంది. కానీ ఆ రోజే 2 గంటలు చేశారు. నడిస్తే ఇంటికి 2 గంటల దారి. పరుగెత్తడం తప్ప దారి లేదు. ఎదురుగా కొడుకూ పరుగెత్తుకొస్తాడు. చేతులు అందేలోగా ఆమె ప్రాణం పోతుంది.

ఇరవై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి నేను. సూర్యాపేట వైపు పల్లె రూటు నాది. ఛార్జీలు పెరిగిన మొదటి రోజు తెల్లవారుజాము ట్రిప్పు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కూలికి పోయే ఆడవాళ్ళు పాత ఛార్జీకి సరిగ్గా లెక్కపెట్టి కొంగున ముడేసుకుని వచ్చేవాళ్ళు. కొత్త రేటు చెప్పగానే ఒక్క క్షణం నా మొహంలోకి చూసేవాళ్ళు. గొడవ పెట్టేవాళ్ళు కాదు. “అయితే ముందు స్టేజీలోనే దింపెయ్ అన్నా” అనేవాళ్ళు. మిగతా దూరం నడక. ఆ చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే ఆ తల్లి బస్సు దగ్గర నిలబడ్డప్పుడు నాకు కళ్ళు తడిశాయి. చావు ఇంకా రాలేదు, రేటు మాత్రమే పెరిగింది. దడ పుట్టించింది అదే.

ఆ తర్వాత సినిమా ఆ రేటునే వదిలేసింది. అప్పటికే ఎవరో అపరిచితుడు 116 ఏళ్ళు హీరో చేతిలో పోసి చచ్చిపోయి ఉంటాడు. ధనికుల ఊళ్ళో పేకాటలో ఇంకో వెయ్యేళ్ళు వస్తాయి. తర్వాత బ్యాంకుల దోపిడీ, కార్లు, తుపాకులు. కాలం దోసిళ్ళతో వచ్చిపడుతుంటే ఒక కాఫీ ఎంతో ఇక మనకు గుర్తుండదు. చేతి మీది అంకె కథకు కావలసినప్పుడల్లా పెరుగుతుంది, తరుగుతుంది. పేదలకు కాలం పంచితే పైనున్నవాళ్ళు ధరలు పెంచి మళ్ళీ లాగేసుకుంటారన్న సంగతి ఈ సినిమాకు బాగా తెలుసు. అసలు కథ అక్కడుంది. పొద్దున ఏళ్ళు చేతికొచ్చి, సాయంత్రానికి అద్దెకే చాలని ఒక ఇల్లాలి దగ్గర పది నిమిషాలు కెమెరా ఆగి ఉంటే ఎంత బావుండేది!

చివర్లో అదే పరుగు మళ్ళీ పెట్టారు. ఈసారి హీరో, హీరోయిన్. సెకన్లే మిగిలాయి. నాకు గుండె కదల్లేదు. మొదటి పరుగు వెనక ఒక టికెట్టు ఉంది. రెండోదాని వెనక ఏమీ లేదు.

నటుల మాటకొస్తే, 105 ఏళ్ళు బతికి విసిగినవాడిగా మాట్ బోమర్ ఆ కుర్రమొహంలో ముసలి అలసట చూపించాడు, కాసేపటికే వెళ్ళిపోయాడు. కోటీశ్వరుడిగా వేసిన విన్సెంట్ కార్తైజర్ తన అత్తగారిని, భార్యను, కూతుర్ని పరిచయం చేస్తాడు. ముగ్గురిదీ ఒకటే వయసు! ఒళ్ళు జలదరించే సీను, దాన్నీ అక్కడే వదిలేశారు. కిలియన్ మర్ఫీ యాభై ఏళ్ళుగా కాలానికి కాపలా కాసిన పోలీసు. ఆ రోజు బత్తా తీసుకోవడం మర్చిపోయి, ఛేజింగు చివర్లో తన గంటలే అయిపోయి పోతాడు. డ్యూటీ చేసినవాడిగా చెబుతున్నాను, ఆ ఒక్కడి మీదే సినిమా తీయొచ్చు. మన కథలో అది ఒక నిమిషం.

డబ్బులు రాలేదనుకోకండి. సుమారు 4 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి 17 కోట్ల పైనే వసూలైంది.

ప్రశ్న: అందులో తల్లిగా వేసినావిడ కొడుకు కన్నా చిన్నదట, నిజమేనా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: నిజమే. ఒలీవియా వైల్డ్ పుట్టింది 1984లో, టింబర్‌లేక్ 1981లో. సినిమాలో ఆమెకు 50 నిండుతాయి, చూడటానికి మాత్రం 25. నాకైతే అయిదు నిమిషాల్లోనే ఆ సంగతి మరుపుకొచ్చింది. ఆమెను ఇంకాసేపు బతకనివ్వాల్సింది.

ప్రశ్న: ఆ దర్శకుడివి ఇంకేం చూడమంటారు?
– ఒక పాఠకుడు, హోసూరు

జవాబు: 1997లో తీసిన ‘గట్టాకా’ తప్పకుండా చూడండి. పుట్టుకలోనే జన్యువులు ఎంచి పిల్లల్ని కనే లోకం. మామూలుగా పుట్టిన ఈథన్ హాక్ ఇంకొకరి పేరు మీద ఉద్యోగం చేస్తూ, తన చర్మపు పొట్టు ఎక్కడా రాలకూడదని రోజూ పొద్దున్నే ఒళ్ళంతా గీకి కడుక్కుంటాడు. ఆ శ్రమను సినిమా చివరిదాకా ఒక్క రోజూ మర్చిపోదు. ఆ పేరు అసలు యజమాని జూడ్ లా, కాళ్ళు కదలనివాడు. పోలీసు ఇంటికి వస్తున్నాడని తెలిసి, చక్రాల కుర్చీ వదిలేసి, మెలికలు తిరిగిన మెట్లను చేతులతో పట్టుకుని ఒక్కొక్కటే ఈడ్చుకుంటూ ఎక్కుతాడు. నేను ఆ మెట్లు లెక్కపెడుతూ చూశాను.